ఏజీ ఫోర్

ముందు జడ ముడేసుకొని చొక్కా లోపలికి తోసుకుంటాను.
గాజులు తీసి నట్ల డబ్బాలో పడేస్తాను.
పలాస స్టేషను దాటి, కాశీబుగ్గలో మా రేకుల షెడ్డు.
పొద్దున్న తొమ్మిదికే నెత్తి మాడిపోతాది.
ఎదర జీడిపిక్కల కార్ఖానా, ఎప్పుడూ అదే నూనె పొగ.

నువ్వొచ్చి మూడు వారాలైంది జోగారావూ,
మిషను ఎప్పుడిస్తావని ముప్ఫైసార్లు అడిగావు.
నాకు కూర్మయ్య మావ రెండు నెల్లు ఇవ్వలేదు.
తుడవమన్నాడు. వైరు ఎక్కడ చిట్లిందో
కళ్ళు మూసుకొని వేళ్ళతో చెప్పమన్నాడు.
సాయంత్రం గాలిగొట్టంతో ఊదితే
మోటారు కడుపులోంచి నల్లటి ఇనప పొడి.
రాత్రి మనం ముక్కు చీదితే వచ్చేది కూడా అదే.

కార్బన్ బ్రష్షులు పెసరగింజంత అయ్యేదాకా ఆగకు.
గాలి కంతల్లో మిణుగురులు ఎక్కువైతే, అది ఆకలి.
తల వేడెక్కి మాడిన నెయ్యి వాసనేస్తే
గ్రీజు అడుగుతున్నట్టు.
ఈ మాటలు నావే. మావ మాట్లాడీవాడు కాదు.

బిళ్ళ నడిమి ఇనప చుట్టు మీద చూడు,
మందుబిళ్ళకి ఉన్నట్టే దీనికీ గడువుంది.
వానకి నానింది, కింద పడింది
చూపుకి బాగానే ఉంటాది. దాన్నే నమ్మకు.
ప్లగ్గు పీకు. పీకిన ప్లగ్గు
కంటికి ఎదురుగా పెట్టుకొని అప్పుడు నట్టు తిప్పు.
కొత్త బిళ్ళని నిమిషం సేపు ఉత్తినే తిరగనీ,
నీ మొహానికి అడ్డంగా కాదు, పక్కకి.

ఓసారి పిక్కలు కాల్చే డ్రమ్ము మూలకి
చెయ్యి దూరక, నేను గార్డు విప్పేశాను.
నిమిషానికి పదకొండు వేల చుట్లు.
కోత ముగిసేచోట రేకు మూసుకొని బిళ్ళని కరిచింది.
మిషను పగ్గం తెంచుకున్న పెయ్యలాగ ఎగిరింది.
ముక్క ఎటెళ్ళిందో చాలాసేపు ఎవరికీ తెలీలేదు.
చెంప తడుముకున్నాను. చెవి ఉంది.
ఆరేళ్ళ కిందటి కేలండరు ఇంకా ఎందుకని అడిగావు కదా,
దాని వెనక చెక్కలో ఉందా ముక్క.

మావ తిట్టలేదు.
మధ్యాహ్నం క్యారేజీ తెరవబోతే
మూత మీద ఆ గార్డు, తుడిచి, పక్కన దాని మర.
ఆయన ఎడంచేతి చూపుడువేలు సగమే ఎందుకుందో
ఆవేళ అడగబుద్ధి కాలేదు.

రవ్వలు ఎటు పోతాయో కొయ్యకముందే చూసుకో.
అటు జీడితొక్కల బస్తాలున్నాయి,
ఆ నూనెకి ఒక్క రవ్వ చాలు,
తిత్లీ వదిలేసిన నాలుగు రేకులూ మిగలవు.
తువ్వాలు మెళ్ళోంచి తియ్యి.
అద్దాలు చెమటకి మసకేస్తున్నాయంటావా?
తుడుచుకో, మళ్ళీ పెట్టుకో.
కంట్లో రవ్వని సూదిమొనతో తీసీవాడు
బస్టాండు దగ్గర ఒకడున్నాడు.
ఆడి దగ్గరికి మాత్రం ఎల్లకు.

ఇయ్యాల ఇచ్చాను.
కిటికీ చువ్వ, సుద్దతో గీత గీసి.
నొక్కకు, బరువు మిషనుదే, దారే నీది అన్నాను.
సగం కోతలో కరెంటు పోయింది.
షెడ్డు నిండా సగం చీకటి, దూలం మీద పావురాల రెక్కలు.
బిళ్ళ ఇంకా తిరుగుతూ, ఈల సన్నబడుతూ...
నువ్వు కింద పెట్టలేదు. ఆగేదాకా పట్టుకున్నావు.
మంచిదే.
కానీ నా చెవి ఇంకో చప్పుడు కోసం ఉంది.
కరెంటు చెప్పి రాదు.
ఆన్‌లో మరిచిపోయిన మిషను
పీక తెగిన కోడిలాగ బల్లంతా కొట్టుకుంటాది.

ఎదర కార్ఖానాలో పిక్కలు కొట్టే ఆడోళ్ళు
చేతులు ఆపి ఉసూరంటున్నారు.
చెబుదామని నోరు తెరిచి, మూసేశాను.
నీ బొటనవేలు కదిలింది.

టిక్.